రోహిణి కార్తె ఎండలో వీధికుక్క, దానికి ఐదు పిల్లలు. ఎలా కాపాడాలి?

నాలుగో_లైను (గుంటూరు) · మే 27, ఉదయం 6:50

అందరికీ నమస్కారం. ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి. మా వీధిలో ఒక ఎర్రకుక్క ఉంది, గౌరి అని పిలుస్తాం. మూడు వారాల క్రితం మూసేసిన కిరాణా కొట్టు అరుగు కింద ఐదు పిల్లల్ని పెట్టింది. పైన రేకులు. పగలు పదకొండు దాటితే అక్కడ చెయ్యి పెట్టలేనంత వేడి. నిన్న మధ్యాహ్నం ఒక పిల్ల వాలిపోయింది, తల నిలపడం లేదు. భయపడి ఫ్రిజ్‌లో ఉన్న చల్లటి నీళ్ళు తెచ్చి మీద పోశాను, కొంచెం నోట్లో కూడా పోశాను. సాయంత్రానికి లేచింది కానీ నేను చేసింది సరైనదో కాదో తెలియదు.

గౌరికి రోజూ రెండు పూటలా పాలు, మిగిలిన అన్నం పెడుతున్నాను. రెండు రోజులుగా నీళ్ళ విరేచనాలు. చెవుల లోపల, వేళ్ళ మధ్య గోమార్లు (పిడుదులు) ఆముదపు గింజల్లా వేలాడుతున్నాయి. మూడో అంతస్తులో ఉండే పెద్దాయన "నువ్వు పెట్టబట్టే ఇవి ఇక్కడ ఉంటున్నాయి, మున్సిపాలిటీకి చెప్పి ఎత్తించేస్తా" అంటున్నారు. రాత్రి నిద్ర పట్టలేదు. ఏం చెయ్యాలో తెలిసినవాళ్ళు చెప్పండి, దయచేసి.

పాత_వెటర్నరీ (నంద్యాల) · మే 27, ఉదయం 8:15

అమ్మా, నేను పశువైద్యశాఖలో ముప్పై ఏళ్ళు చేసి రిటైర్ అయ్యాను. ముందు పిల్ల సంగతి. నీళ్ళు పోయడం మంచి పనే, అందుకే బతికింది. నోట్లో పోయడం మాత్రం ఇంకెప్పుడూ వద్దు. స్పృహ సరిగ్గా లేని జంతువుకి నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి, వడదెబ్బ నుంచి బయటపడ్డది న్యుమోనియాతో పోతుంది. ఫ్రిజ్ నీళ్ళు, ఐసు కోసం వెతకక్కర్లేదు, కుళాయి నీళ్ళు చాలు. పొట్ట మీద, తొడల మధ్య, చంకల్లో, పాదాల మీద పోస్తూ ఉండండి, పక్కన అట్టముక్కతో విసరండి. నీళ్ళు ఆవిరవుతుంటేనే వేడి పోతుంది. తడిగుడ్డ కప్పి వదిలేస్తే కాసేపటికి అదే దుప్పటిలా వేడిని లోపల పట్టేస్తుంది, ఇది చాలామంది చేసే పొరపాటు.

కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. అరికాళ్ళలో కొంచెం, మిగతాదంతా నాలుక బయటపెట్టి ఒగర్చడమే. దాని మామూలు వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది, కాబట్టి ముట్టుకుంటే వేడిగా ఉందని జ్వరం అనుకోవద్దు. 104 దాటితే ప్రమాదం, 106 దాటితే లోపలి అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది. చిగుళ్ళు బాగా ఎర్రగా మారడం, జిగట చొంగ, తూలుతూ నడవడం కనిపిస్తే నీళ్ళు పోస్తూనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. గంట తర్వాత లేచి తిరిగినా ఒకసారి చూపించడం మంచిది.

విరేచనాలకి మీ పాలే కారణం అయ్యుండొచ్చు. పెద్ద కుక్కల్లో చాలావాటికి ఆవుపాలు, గేదెపాలు అరగవు. పాలిచ్చే తల్లికి పాలు పోయాలని మనకు అనిపిస్తుంది, దానికి కావలసింది మాత్రం మాంసకృత్తులు, నీళ్ళు. నూకలన్నంలో చికెన్ షాపులో దొరికే మెడలు, కాళ్ళు, కార్జం ఉప్పూ కారం లేకుండా ఉడికించి, ఎముక తీసేసి కలపండి. ఉడికిన కోడి ఎముక పుల్లలా చీలి పేగులో గుచ్చుకుంటుంది. రెండు రోజులు మెత్తటి పెరుగన్నం పెట్టి చూడండి, తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి.

కూకట్‌పల్లి_ఫీడర్ · మే 27, ఉదయం 9:02

అక్కా, ముందు ఆ రేకుల కింద నుంచి మార్చాలి. కానీ మీరు పిల్లల్ని ఎత్తుకెళ్ళి వేరేచోట పెడితే తల్లి మళ్ళీ నోట కరుచుకుని పాత చోటికే తెచ్చేస్తుంది. నాకు రెండుసార్లు ఇలాగే అయ్యింది. రేకుల మీద తడిపిన గోనె సంచులు పరిచి, వాటి మీద తాటాకులో కొబ్బరి మట్టలో వేయండి, పొద్దున పదింటికి ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి ఒక బకెట్ నీళ్ళు కొట్టండి. చాలా తేడా తెలుస్తుంది. నేల మీద ఇసుక పోసి తడపండి, తడి ఇసుకలో పొట్ట ఆనించి పడుకుంటాయి.

నీళ్ళకి స్టీలు గిన్నె వద్దు, ఎండలో కాలిపోతుంది. ప్లాస్టిక్ డబ్బా అయితే దొర్లించేస్తాయి. సిమెంటు తొట్టి బెస్ట్, బరువుగా ఉంటుంది, ఎవరూ ఎత్తుకుపోరు. లేదా వెడల్పాటి మట్టి మూకుడు, దాంట్లో నీళ్ళు చల్లగా ఉంటాయి. నీడలో పెట్టాలి. పదిహేను కిలోల కుక్కకి మామూలుగానే రోజుకి దాదాపు లీటరు కావాలి, ఈ ఎండల్లో పాలిచ్చే తల్లికి ఇంకా చాలా ఎక్కువ. తొట్టి లోతు ఎక్కువైతే కూనలు పడి మునిగిపోతాయి, వాటికి పళ్ళెం విడిగా పెట్టండి. ఇంకోటి, నీళ్ళు రోజూ పారబోసి తొట్టి లోపల కొబ్బరి పీచుతో రుద్దాలి. వారం వదిలేస్తే దోమ పిల్లలు తయారవుతాయి, అప్పుడు డెంగీ పేరుతో మీ తొట్టి మీద గొడవ, ఆ గొడవలో న్యాయం కూడా ఉంటుంది.

తిండి పొద్దున ఆరులోపు, రాత్రి ఎనిమిది తర్వాత పెట్టండి. మధ్యాహ్నం పెట్టిన పెరుగన్నం గంటలో పులిసిపోతుంది, ఈగలు ముసురుతాయి. తిన్నాక పది నిమిషాలు అక్కడే ఉండి మిగిలింది తీసేయండి. ఫీడర్ల మీద కోపం సగం ఆ మిగిలిన అన్నం వల్లే వస్తుంది.

ఇద్దరు_పిల్లల_తల్లి (విజయవాడ) · మే 27, ఉదయం 11:30

మీ అందరి మంచి మనసుని తప్పు పట్టడం లేదు. కానీ ఇవతలి వైపు కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి. మా బాబుకి ఆరేళ్ళు. కిందటి ఏడాది ట్యూషన్ నుంచి వస్తుంటే పిల్లలున్న తల్లికుక్క పిక్క పట్టుకుంది. వాడు దాన్ని ఏమీ అనలేదు, దాని పిల్లల పక్కనుంచి పరుగెత్తాడు, అంతే. సూదులన్నీ వేయించాం. ఇప్పటికీ రాత్రి కుక్క అరిస్తే లేచి నన్ను పట్టుకుంటాడు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబుని కుక్కల గుంపు చంపేసిన వీడియో చూశాక నేను వారం రోజులు సరిగా అన్నం తినలేదు. ఈ ఐదు పిల్లలు పెద్దవైతే ఐదు కుక్కలు, వాటికి ఇంకో ఐదు. మీరు పెట్టే అన్నం వాటికి ప్రేమ. మా పిల్లలకి మాత్రం ఆ దారి మూసుకుపోతోంది. దీనికి మీ దగ్గర సమాధానం ఉందా?

నాలుగో_లైను · మే 27, మధ్యాహ్నం 12:10

అక్కా, మీ బాబు సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీరు అడిగింది నిజం. నేను గౌరికి రెండేళ్ళుగా అన్నం పెడుతున్నాను, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ గురించి ఒక్కసారీ ఆలోచించలేదు. ఇది దానికి రెండో కాన్పు. మొదటి కాన్పులో నాలుగు పిల్లల్లో మూడు చనిపోయాయి, ఒకటి బండి కింద, రెండు వాంతులు, రక్త విరేచనాలతో. ఆపరేషన్ ముందే చేయించి ఉంటే ఇవేవీ జరిగేవి కావు.

పాత_వెటర్నరీ · మే 27, మధ్యాహ్నం 1:25

విజయవాడ అమ్మ అడిగినదానికి సమాధానం ఒక్కటే. తిండి పెట్టే చెయ్యే ఆపరేషన్ చేయించాలి, ఎందుకంటే ఆ కుక్క దగ్గరికి వచ్చేది ఆ చేతికే. మున్సిపాలిటీ వాళ్ళు వల పట్టుకుని వస్తే అన్ని కుక్కలూ పారిపోతాయి. రోజూ అన్నం పెట్టే మనిషి పిలిస్తే తోక ఊపుకుంటూ వస్తుంది. ఆ నమ్మకాన్ని దానికి, వీధికి ఇద్దరికీ పనికొచ్చేలా వాడాలి.

పెద్దలు చిత్త కార్తె కుక్కలు అనేవారు. అక్టోబరు ప్రాంతంలో మగవన్నీ గుంపు కట్టి ఒకదాని వెంట తిరుగుతాయి, ఆ రోజుల్లోనే కొట్లాటలు, కాట్లు ఎక్కువ. కుక్క మోసేది సుమారు 63 రోజులు, కాబట్టి డిసెంబరు చలిలో వీధి నిండా కూనలు. అవి పెరిగే నెలల్లోనే పార్వో అనే వైరస్ జబ్బు. మీరు చెప్పిన రక్త విరేచనాలు అదే అయ్యుంటుంది. మీ గౌరి మే నెలలో ఈనింది, అంటే కొన్ని కుక్కలు ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తాయి. పాలిచ్చే తల్లిని ఇప్పుడు ఆపరేషన్‌కి ఇవ్వకూడదు, పిల్లలు పాలు పూర్తిగా మానేదాకా ఆగండి. కానీ పేరు ఇప్పుడే రాయించుకోండి, మళ్ళీ కట్టకముందే చేయాలి. పిల్లలకి ఆరు నెలలు నిండాక.

కూనలకి ఈ వారంలోనే నులిపురుగుల మందు మొదలుపెట్టాలి, రెండు వారాలకొకసారి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పార్వోకి, డిస్టెంపర్ అనే ఇంకో వైరస్ జబ్బుకి సూది, మూడు నాలుగు వారాల తేడాతో బూస్టర్లు. మూడు నెలలకి రేబిస్ సూది, తర్వాత డాక్టర్ చెప్పినట్టు మళ్ళీ వేయిస్తూ ఉండాలి. డబ్బు తక్కువైతే రేబిస్ సూది మాత్రం ఆపకండి.

లా_ఫైనల్_ఇయర్ · మే 27, సాయంత్రం 5:40

మూడో అంతస్తు పెద్దాయనకి చెప్పాల్సింది చెప్తాను, గొడవ పెట్టుకోకుండా చెప్పండి. కేంద్రం 2023 మార్చిలో కొత్త ఏబీసీ (జంతు జనన నియంత్రణ) నిబంధనలు తెచ్చింది, 2001 నాటివి పోయాయి. వాటి ప్రకారం వీధికుక్కని పట్టుకెళ్ళేది ఆపరేషన్‌కి, రేబిస్ సూదికి. అయ్యాక చెవికి చిన్న గాటు పెట్టి, పట్టిన చోటే వదలాలి. వేరే ఊళ్ళో పారేస్తే ఖాళీ అయిన వీధిలోకి సూది పడని కొత్త కుక్కలు వస్తాయి, నష్టం మనకే. తిండి పెట్టే చోటు ఎక్కడ ఉండాలో కూడా వాటిలో ఉంది. మెట్ల దగ్గర, గేటు దగ్గర, పిల్లలు ఆడుకునే చోట కాకుండా అపార్ట్‌మెంట్ సంఘం, ఫీడర్ కలిసి ఒక చోటు నిర్ణయించాలి.

సుప్రీంకోర్టు సంగతి చాలామంది సగమే విన్నారు. 2025 ఆగస్టు 11న ఢిల్లీ చుట్టుపక్కల కుక్కలన్నీ షెల్టర్లకి తరలించమంది. ఆగస్టు 22న ముగ్గురు జడ్జిల బెంచ్ దాన్ని మార్చింది. ఆపరేషన్, సూది అయినవాటిని అక్కడే వదలాలి, రేబిస్ ఉన్నవి, మీదపడి కరిచేవి మాత్రం వదలకూడదు, ఎక్కడపడితే అక్కడ తిండి పెట్టకూడదు, వార్డుకొక చోటు పెట్టాలి అంది. నవంబరు 7న స్కూళ్ళు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లో కుక్కల్ని తీసేయాలని, అక్కడే మళ్ళీ వదలకూడదని చెప్పింది. కాబట్టి మీ వీధిలో స్కూలు ఉంటే దాని గోడ పక్కన పెట్టకండి.

విషం పెట్టినా, కొట్టి చంపినా భారతీయ న్యాయ సంహిత 325 కింద ఐదేళ్ళ దాకా శిక్ష ఉంది. ఇది బెదిరించడానికి వాడితే పని చెడుతుంది. ముందు ఆయనతో టీ తాగండి.

వరంగల్_పోరడు · మే 27, రాత్రి 9:18

గోమార్ల గురించి ఎవ్వరూ రాయలేదు, నేను రాస్తా. మా కుక్క రాజు గాడు పోయింది వాటితోనే. మూడు రోజులు అన్నం ముట్టలేదు, ఎండకి అనుకున్నా. నాలుగో రోజు ముక్కులోంచి రక్తం. టిక్ ఫీవర్, అంటే గోమార్ల వల్ల వచ్చే జ్వరం అన్నారు, రక్తంలో ప్లేట్‌లెట్స్ దాదాపు లేవు. రెండు రోజులు ముందు తీసుకెళ్తే బతికేది. చిగుళ్ళు తెల్లగా పాలిపోవడం, తినకపోవడం, జ్వరం, ఇవి కనిపిస్తే ఎండ మీద నెపం పెట్టి ఆగకండి అన్నా, అక్కా. రక్త పరీక్ష చేయించండి. మందుల కోర్సు మూడు నాలుగు వారాలు ఉంటుంది, లేచి తిరుగుతోంది కదా అని మధ్యలో ఆపొద్దు.

మన ఎండకి, ఉక్కకి గోమార్లకి పండగ. బాగా రక్తం తాగిన ఒక్క ఆడది కింద రాలి గోడ పగుళ్ళలో వేల గుడ్లు పెడుతుంది. కుక్క మీద తీసినంత మాత్రాన అయిపోదు, అది పడుకునే అరుగు పగుళ్ళు సిమెంటుతో మూయాలి, పాత గోనెలు కాల్చేయాలి. చేతివేళ్ళతో చిదమకండి. చిమటాతో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా లాగి స్పిరిట్ సీసాలో వేయండి. మా దగ్గర కొందరు గేదెలకి కొట్టే పిడుదుల మందు నీళ్ళు కలపకుండా కుక్కకి పూస్తారు, ఫిట్స్ వచ్చి పోతాయి. గజ్జికి పాత ఇంజన్ ఆయిల్ పూయడం కూడా అంతే, కుక్క నాకుతుంది, ఆ విషమంతా కడుపులోకి. నమలే మాత్రలు ఉన్నాయి, కొన్ని ఒక్కటి వేస్తే సుమారు 12 వారాలు పని చేస్తాయి. ఖర్చు ఎక్కువే, నలుగురు కలిసి వేసుకుంటే భారం కాదు.

కుంటుతోంది కదా అని మన నొప్పి మాత్రలు మాత్రం పెట్టకండి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కుక్క కడుపుని, కిడ్నీలని పాడు చేస్తాయి.

పాత_వెటర్నరీ · మే 27, రాత్రి 10:05

పోరడు చెప్పిందంతా సరైనది. పాలిచ్చే తల్లికి ఏ మాత్ర వేయాలన్నది మాత్రం డాక్టర్‌నే అడగండి, కూనలకి పెద్ద కుక్క మందు అసలు వద్దు.

రేబిస్ గురించి రెండు మాటలు, ఎందుకంటే వేసవిలో నాకు వచ్చే ఫోన్లు ఎక్కువ దీని మీదే. చొంగ కారుస్తూ తూలుతున్న ప్రతి కుక్కా పిచ్చికుక్క కాదు, వడదెబ్బ తగిలిందీ అలాగే ఉంటుంది, జనం రాళ్ళతో కొట్టి చంపేస్తారు. దూరం నుంచి నీళ్ళు కొట్టి, తెలిసినవాళ్ళకి ఫోన్ చేయండి, దగ్గరికి మాత్రం వెళ్ళకండి. రెండోది ఇంకా ముఖ్యం. దవడ వేలాడిపోయి, గొంతు మారి, మింగలేక నిలబడిన కుక్కని చూసి గొంతులో ఎముక ఇరుక్కుందని చెయ్యి పెట్టేవాళ్ళు ఉన్నారు. అది రేబిస్‌లో ఒక రూపం. పెద్దగా అరవదు, మీదపడి కరవడం తక్కువ, మూల నక్కి ఉంటుంది. అలాంటిదాని నోట్లో చెయ్యి పెట్టకండి.

కాటు పడినా, గీరుకున్నా, పుండు మీద నాకినా ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసుకుని కడగాలి. సున్నం, కారం, పసరు ఏదీ పెట్టొద్దు. అదే రోజు ఆస్పత్రికి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అని ఇప్పటికీ భయపడి ఆగిపోయేవాళ్ళు ఉన్నారు. ఆ మందు పోయి ఇరవై ఏళ్ళు అవుతోంది, ఇప్పుడు చేతికే నాలుగో ఐదో డోసులు, ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితం. రక్తం వచ్చిన కాటుకి గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రక్షణ ఇచ్చే మందు) కూడా వేయమని అడగండి. ఈ జబ్బు లక్షణాలు కనబడ్డాక దాదాపు ఎవరూ బతకరు. రోజూ తిండి పెట్టే మీరంతా కాటు పడకముందే వేసుకునే సూదులు వేయించుకోండి.

ఉక్కునగరం (విశాఖ) · మే 28, ఉదయం 7:10

మాకు గుంటూరు అంత మంట ఉండదు కానీ ఉక్కపోత ఎక్కువ. గాలిలో తేమ ఉంటే కుక్క ఎంత ఒగర్చినా ఒళ్ళు చల్లబడదు, 36 డిగ్రీలకే పడిపోయినవి చూశాను. మా అసలు కష్టం జూన్ తర్వాత. వాన మొదలైందంటే చిన్న గాయంలోనూ ఈగ గుడ్లు పెడుతుంది, రెండు రోజుల్లో పుండు నిండా పురుగులు. చెవి వెనక, తోక కింద రోజూ చూడండి. టర్పెంటైన్ పోస్తే పచ్చిపుండు మండి కుక్క మళ్ళీ మీ దగ్గరికి రాదు. పశువుల మందుల కొట్లో ఈగలు వాలకుండా చేసే స్ప్రే దొరుకుతుంది, అది కొట్టి, లోతుగా ఉంటే డాక్టర్‌తో పురుగులు తీయించండి. బండి స్టార్ట్ చేసే ముందు బానెట్ మీద ఒకసారి తట్టమని మీ అపార్ట్‌మెంట్‌లో అందరికీ చెప్పండి, నీడ కోసం కూనలు కార్ల కిందే దూరతాయి.

నాలుగో_లైను · జూన్ 9, రాత్రి 8:30

ఇన్ని రోజులు రాయలేదు, క్షమించండి. వాలిపోయిన పిల్ల ఆ శుక్రవారమే చనిపోయింది. నేను తీసుకెళ్ళేసరికి క్లినిక్ మూసి ఉంది, ఇంకోచోటికి వెళ్ళే దారిలో నా ఒళ్ళోనే పోయింది. వేపచెట్టు కింద పాతిపెట్టాం.

మిగతా నాలుగూ బాగున్నాయి. పాలు ఆపాక గౌరికి రెండు రోజుల్లో విరేచనాలు తగ్గాయి. గోనె సంచుల పందిరి వేయడానికి నిచ్చెన పట్టుకుంది ఎవరో తెలుసా, మూడో అంతస్తు బాబాయి గారే. ఆయనకి కుక్కలంటే కోపం లేదు, ఆయన మనవరాలు వేసవి సెలవులకి వచ్చింది, భయం అదీ. తిండి చోటు గేటు దగ్గర నుంచి తీసేసి వెనక ట్రాన్స్‌ఫార్మర్ దాటాక ఖాళీ స్థలానికి మార్చాం. కూనలు ఉన్నన్నాళ్ళు పిల్లలు ఆ పక్కకి పరుగెత్తకుండా రెండు బల్లలు అడ్డం పెట్టారు ఆయన. ఆపరేషన్‌కి పేరు రాయించాను, జూలై చివరిలో రమ్మన్నారు. వీధిలో ఎనిమిది ఇళ్ళవాళ్ళు కలిసి గోమార్ల మాత్రకి, సూదులకి డబ్బు వేశారు. నేను రేబిస్ ముందు సూది మొదటి డోసు వేయించుకున్నాను.

ఇద్దరు_పిల్లల_తల్లి · జూన్ 9, రాత్రి 9:15

ఆ పిల్ల పోయిందని చదివి బాధేసింది తల్లీ. బల్లలు అడ్డం పెట్టారన్న మాట నాకు చాలా పెద్దది. మా వీధిలోనూ ఒక కుక్క ఉంది, దానికి అన్నం పెట్టే ముసలావిడ ఒంటరిగా ఉంటారు, ఇన్నాళ్ళూ ఆవిడతో పోట్లాడాను. రేపు వెళ్ళి దానికి ఆపరేషన్ అయ్యిందో లేదో అడుగుతాను. చెవికి గాటు ఎటువైపు చూడాలి?

పాత_వెటర్నరీ · జూన్ 9, రాత్రి 9:40

రెండు చెవులూ చూడమ్మా. చివర కత్తెరతో తీసినట్టు శుభ్రంగా ఉంటే ఆపరేషన్ గాటు. అంచు చిరుగులు చిరుగులుగా ఉంటే కొట్లాటలో తెగింది. అనుమానంగా ఉంటే దగ్గరికి వెళ్ళకుండా జూమ్ చేసి ఫోటో తీసి ఇక్కడ పెట్టు, నేను చూసి చెప్తాను. ఆవిడకి నడవడం కష్టమైతే ఆస్పత్రికి ఆటో మాత్రం మీరే మాట్లాడండి.